నొసటి బండారి

జానమ్మ బీరన్న చేతిని గట్టిగా పట్టుకుంది.

పిడికిట్లోని పసుపు సగం నేల రాలింది.

అది ఉత్త పసుపు కాదు. బీరప్ప గుడి నుంచి తెచ్చిన బండారి. నారాయణపేట అవతలి నుంచి రెండు రోజులు నడిచి తెచ్చాడు. నిజాం రోజులవి, గొర్లు కాసే కురుమోళ్లకు తమ దేవుడి బండారిని మించిన మందు లేదు.

మంచం మీద అతని భార్య భద్రమ్మ. గడ్డ ముదిరిందని జడ్చర్ల దగ్గరి మిషన్ దవాఖానలో డాక్టరమ్మ ఆమె ఎడమ రొమ్ము తీసేసి మూడు రోజులైంది. కోతకు చీము పట్టకపోతే బతుకుతుందని, పడితే తన చేతిలో ఏమీ లేదని ముందే చెప్పింది.

"కట్టు ఇప్పి జర అద్దుతా" అన్నాడు బీరన్న.

"నొసటికి పెట్టు. కోత మీద వద్దు."

"గుడ్డలు ఉడకబెట్టేదానివి. బండారి సంగతి నీకేం ఎరుక?"

జానమ్మ నేలకు వంగింది. రాలిన బండారిని ఎత్తి, కళ్లకద్దుకుని, అతని చేతిలో పోసింది. అదీ ఎగతాళిలాగే తోచింది బీరన్నకు.

నిజమే, ఆమె పని కట్టుగుడ్డలు ఉడకబెట్టడమే. కానీ సబ్బుతో చేతులు కడగకుండా కట్టు ముట్టబోతే డాక్టరమ్మనైనా ఆపేది. బీరన్న వచ్చినప్పుడల్లా మంచం పక్కనే కాపలా కూర్చునేది. అతనికి ఒళ్లు మండేది. ఏసయ్యను నమ్మినదానికి మా దేవుడు గిట్టడని వార్డంతా చాటాడు. ఆమె విని, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

పదో రోజు కుట్లు విప్పారు. చీము చుక్క లేదు.

భద్రమ్మ లేచి గంజి తాగింది. బీరన్న ఏడ్చాడు. తన మాటలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ఊరికి పోయి, తాను నేసిన గొంగడి తెచ్చాడు, జానమ్మకు కప్పుదామని.

ఆమె లేదు. కలరా గత్తర తగిలినవాళ్లకు సేవ చేస్తూ, అదే అంటుకుని మొన్న పోయిందని నర్సు బిక్షమ్మ చెప్పింది.

బీరన్న గొంగడిని ఆమె కాపలా కూర్చున్న చోట పెట్టాడు.

"మా దేవుడు ఎందుకు గిట్టకపోయెనో అడుగుదామనుకున్న" అన్నాడు.

బిక్షమ్మ జానమ్మ పెట్టెలోంచి ఒక పాత బండారి తిత్తి తీసి అతని చేతిలో పెట్టింది.

"గిట్టక గాదన్నా. పేరు ఈడికొచ్చినంక మారింది గని, ఆమె బీరప్ప పూజారి పెండ్లాం. గిదే మంచం మీద ఆమె బిడ్డ కోతకు చీము పట్టి పోయింది. గా కోత మీద బండారి అద్దింది తల్లే."