కొత్త సీడీ, పాత ఆట

ఆ ఉదయం ప్రార్థన ముగించి, కాఫీ తాగి, మా పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దాని హార్డ్ డిస్క్ ఎప్పుడో పోయింది. సిస్టమ్ సీడీ పెడితేనే లేస్తుంది, దాచుకున్నవన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఆ వేళ పాత సీడీ తీసి కొత్తది పెట్టాలి.

“అక్కా, నా చదరంగం పోదు కదా? ఇంకో రెండు ఎత్తుల్లో నీ మరదలికి ఆటకట్టు. ఓడినవాళ్లు నెలంతా గిన్నెలు తోమాలని పందెం” అన్నాడు తమ్ముడు.

“సీడీ అద్దె ఇల్లులాంటిదిరా. ఇల్లు మారితే సామాను ఎక్కడికి పోతుంది?” అన్నాను.

పక్కనే మరదలు కళ్లు మూసుకుని చేతులు జోడించింది. మొగుడి ఆట కోసం ఇంత ఆరాటమా అని నా మనసు కరిగింది. నేనూ ఓ దండం పెట్టుకుని, పెన్‌డ్రైవ్‌కి నకలు కూడా తీసి, కొత్త సీడీ తోశాను.

తెర వెలిగింది. పావులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తమ్ముడు ఈల వేశాడు.

మరదలు ఒక కన్ను తెరిచి చూసింది.

“అంతగా మొక్కినా పోలేదా వదినా?” అంది నీరసంగా.

సాయంత్రం ఇంట్లో తీర్మానం జరిగింది. గిన్నెలు మరదలు తోముతుంది. ఎదురు మొక్కు మొక్కినందుకు కడిగేది నేను.