మహారాజు సంచీ

"మూడు ఇస్తే చాలదు వేణన్నా. మీ తాన ఉన్న కార్టూన్లన్నీ ఇస్తేనే ఇది ఇస్త," అన్నాడు దయానంద్ సార్, గోడ మీది ఫ్రేము చూపిస్తూ.

వేణుమాధవ్ కడుపు మండింది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా అంతే. రాజభరణాల రద్దు నాటి కార్టూన్ అది. కోర్టులో గెలిచిన మహారాజు డబ్బుసంచీ ఊపుకుంటూ మెట్లు దిగుతుంటే, వెనక నుంచి పార్లమెంటు కత్తెరతో ఆ సంచీ అడుగు కత్తిరిస్తోంది.

బీదర్ గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే వేణుమాధవ్‌కు రాజ్యాంగం మీద జరిగిన పాత తగవుల కార్టూన్లంటే ప్రాణం. అదీ చేత్తో గీసిన అసలు బొమ్మలే కావాలి. ఈ మహారాజును హైదరాబాదులో ముందు కొన్నది తనే. కొత్త వస్తువు ఏదొచ్చినా చేసినట్టే, తల్లి లలితమ్మ కుంకుమ భరిణె తెచ్చి కాగితం వెనక బొట్టు పెట్టింది.

"అమ్మా, ఇదేమన్న స్కూటరా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

తర్వాత అద్దం పగిలితే, కాలేజీలో పాఠాలు చెప్పే దయానందే పాపం హైదరాబాదు తీసుకెళ్లి కొత్త ఫ్రేము కట్టించి తెచ్చాడు. కొన్నాళ్లకు అచ్చం అలాంటి మహారాజే దయానంద్ గోడెక్కాడు.

"నాదే అసలుది అన్నా. గీసెటోళ్లు ముందు నీలం పెన్సిల్‌తోని గీసుకుంటరు. ఇగో, గీతలు కనవడ్తలేవా? మీదాంట్ల ఉన్నయా?"

వేణుమాధవ్ ఇంటికి పరుగెత్తి భూతద్దం పెట్టి వెదికాడు. ఒక్క నీలం గీత లేదు. దుకాణం వాడు తనకు నకలు అంటగట్టాడని తిట్టుకుంటూ దాన్ని అటకెక్కించాడు. అప్పట్నుంచి దయానంద్ ఇంట్లో తాగే చాయ్ కూడా చేదే. పప్పులమ్ముకునేవాడికి అసలు, నకలు ఏం తెలుస్తాయని ఊరంతా నవ్వుతున్నట్టే ఉండేది.

ఇవాళ ఇక ఓర్చుకోలేకపోయాడు.

"సరే సార్. అన్నీ తీస్కోండ్రి."

సాయంత్రానికి ఇంటి గోడలన్నీ బోసిపోయాయి. అయితేనేం, మహారాజు వచ్చాడు. ఇక ఏడవాల్సింది దయానందే.

"అమ్మా, భరిణె తే! ఈసారి నేనే అంటున్న, బొట్టు పెట్టు."

మురిసిపోతూ ఫ్రేము విప్పి, బొమ్మను మంచం మీద బోర్లించాడు. లలితమ్మ వేలికి కుంకుమ అద్దుకుని వంగి, అలాగే ఆగిపోయింది.

"దీనికి నేను అప్పట్ల పెట్టిన బొట్టు ఉండనే ఉన్నది గద బిడ్డా!"