పాలరాతి ముక్కు

వేలం హాల్లో దుమ్ము తుడిచే హైమ ముఖం, అక్కడ అమ్మకానికొచ్చిన ప్రాచీన రోమన్ పాలరాతి దేవత ముఖం అచ్చుగుద్దినట్టు ఒకటే. విగ్రహానికి ముక్కు విరిగిపోయింది, అదొక్కటే తేడా. మేనేజరు హైమ ముక్కుకి అచ్చు తీయించి, అలాంటిదే పాలరాతిలో చెక్కించి విగ్రహానికి అతికించాడు. మర్నాడే వేలంలో అది మంచి ధరకి పోయింది.

ఆ సాయంత్రం హైమ కూరగాయల సంచితో ఇంటికొచ్చింది. నగరంలో అన్ని తలుపుల్లాగే ఆమె ఇంటి తలుపూ ముఖం చూసి తెరుచుకుంటుంది. ఈసారి తెరుచుకోలేదు.

"ఈ ముఖం వేరొకరి పేర రిజిస్టరయింది," అంది తలుపు.

హైమ మేనేజరుకి ఫోన్ చేసింది.

"విగ్రహం కొన్నాయన ముఖం హక్కులు కూడా రాయించుకున్నాడమ్మా. ఒక ముఖానికి హక్కుదారు ఒక్కరే కదా."

"నేను ఈ ముఖంతోనే పుట్టాను సార్!"

"ఆ రాయి నీకంటే రెండువేల ఏళ్లు పెద్దది. మరి నకలు ఎవరంటావ్?"

ఫోన్ పెట్టేశాడు. హైమ తలుపు బాదింది. "ఏమండీ! లోపల్నుంచి తీయండి!"

"తీస్తే నామీద కేసు పెడతారు," అన్నాడు లోపల్నుంచి భర్త పరంధాం. "కంగారుపడకు. కొన్నాయన మంచోడు. ఆపరేషన్ ఖర్చు ఆయనదేనట. పొద్దున్నే బండొస్తుంది, కొత్త ముఖం పెట్టిస్తారు. ఫొటోలు కూడా పంపాడు."

"ఫొటోలు నాకు చూపించండి. నేను చూసుకుంటాను."

"నేను ఖాయం చేసేశాలే. పెళ్లిచూపులప్పుడు నన్నెవరూ అడగలేదు. ఈసారి నాకు నచ్చిందే తీసుకున్నా."