రక్తం తగ్గిన రోజులు

చెంగమ్మకు ఈసారి కూడా కీమో సూది వేయలేదు.

"రక్తం ఏడు గ్రాములే ఉండాదక్కా. ఆ మందు నీ ఒళ్ళు తట్టుకోలేదు," అంటూ నర్సు నందిని రక్తం సంచి తగిలించింది.

కడుపు క్యాన్సర్‌కు సూది ఇలా వాయిదా పడడం ఇది మూడోసారి. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే చెంగమ్మ ప్రతిసారీ ఒక్కతే తిరుపతి బస్సెక్కి ఈ ఆసుపత్రికి వచ్చేది. రెండు రోజులుండి, రక్తం ఎక్కించుకుని వెళ్ళేది.

నందిని మంచం పక్కన కూర్చుంది.

"స్కానింగులో గడ్డ పెరిగినట్టు వచ్చిందక్కా. మేమిచ్చిన రక్తం మాత్రలు మింగతా ఉండావా?"

చెంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"లేదు పాపా. ఒక్కటీ మింగలేదు."

"ఎందుకని?"

"రక్తం బాగుంటే సూదేసి సాయంత్రానికే పంపించేస్తారు. తగ్గితే రెండు దినాలు ఈడనే పెట్టుకుంటారు. తింటివా, పడుకుంటివా అని నువ్వు అడగతా ఉంటావు. ఇంటికాడ అడిగేవాళ్ళు ఎవురూ లేరు."

నందిని లేచి వెళ్ళి ఒక మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

చెంగమ్మ బుద్ధిగా మింగింది.

"బాగైపోయినాక కూడా ఈడికి రానిస్తారా పాపా?" అని అడిగింది.