ఎమెలి తొక్కిన బాట

"తాతా, కాస్త ఆగు."

సైలా మోకాళ్ల లోతు మంచులో నిలబడి రొప్పుతోంది.

ఎదురుగా ఎనభై ఏళ్ల ఎమెలి. కాళ్లకు వెడల్పాటి చెక్కలు, చేతిలో కర్ర. అతని వెనక, తెల్లటి మైదానం నడుమ, ఊరి నుంచి అడవి దాకా తొక్కిన బాట.

"రోజూ నా మంచు పాడుచేస్తున్నావు."

"నీదా?" ఎమెలి చుట్టూ చూశాడు. "ఈ ఏడు బాగానే పండింది నీకు."

సైలాకు నవ్వు రాలేదు. నిరుడు నాలుగు సెకన్ల తేడాతో ఫిన్లాండ్ పరుగుల జట్టులో చోటు పోయింది. మార్చిలో మళ్లీ ఎంపిక. ఎవరూ అడుగుపెట్టని మంచులో రోజుకో గంట పరుగెత్తితే కాళ్లకు బలం వస్తుందన్నాడు కోచ్. అందుకే తంపెరె నగరం నుంచి ఉత్తరాన ఈ కొసకు, అమ్మ పుట్టిన ఊరికి వచ్చి, అమ్మ స్నేహితురాలు లెంపి ఇంట్లో దిగింది.

"అంతటా మంచే కదా. నువ్వు ఇంకోచోట నడవొచ్చుగా?"

"నువ్వు నేను తొక్కినచోట పరుగెత్తొచ్చుగా?"

"గట్టి నేల కావాలంటే మా ఊళ్లోనే ఉండేదాన్ని. నువ్వు తోచక తిరుగుతున్నావు. నాకిది జీవితం."

ఎమెలి ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆ వైపు మనుషులు ఒక మాట రెండోసారి చెప్పరు. అదొక జబ్బు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సైలా పలకరించకుండా బాట దాటి, పక్కనే ఉన్న కొత్త మంచులో పరుగెత్తింది.

నాలుగో రోజు రాలేదు. ఐదో రోజూ రాలేదు.

'హమ్మయ్య, బుద్ధొచ్చింది' అనుకుంది.

ఆ వారమంతా విడవకుండా మంచు పడింది.

తొమ్మిదో రోజు, మైదానం నడుమ, కాళ్ల కింద మంచు కుంగింది. నడుము దాకా నల్లటి నీళ్లు. పట్టుకున్నచోటల్లా మంచు విరిగిపోతోంది. అరిచింది. వినేవాళ్లు లేరు.

చచ్చిపోతానని భయపడింది. చేతులు చాచి ఈడ్చుకుంటూ, కొత్త మంచు కింద పల్లంగా కనిపిస్తున్న ఎమెలి బాట మీదికి పాకింది.

అది విరగలేదు. దాని మీదే లేచి, వణుకుతూ ఊళ్లోకి పరుగెత్తింది.

లెంపి ఆమె తడిబట్టలు విప్పి, దుప్పట్లు కప్పి, పొయ్యి పక్కన కూర్చోబెట్టింది.

"అది మైదానం కాదే, ఊబి. పైన మంచు మందంగా ఉంటే బురదకు చలి తగలదు. రోజూ తొక్కి అణిస్తేనే చలి దిగి గడ్డకడుతుంది."

"ముందే చెప్పలేదేం, పిన్నీ?"

"ఎమెలి నీకోసం తొక్కుతున్నాడుగా. నువ్వు దాని మీదే పరుగెత్తుతున్నావనుకున్నాను."

సైలా తల వంచుకుంది.

"ఇప్పుడే వెళ్లి క్షమాపణ అడుగుతాను."

"ఎవర్ని? పోయిన వారమే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఈ పొద్దున కబురొచ్చింది. లేడు."

సైలా దుప్పటి దగ్గరికి లాక్కుంది.

"నేనెవరో కూడా తెలియదు కదా. నాకోసం ఎందుకు తొక్కాడు?"

"నువ్వు ఊబి మీద పరుగెత్తడం చూసిన రోజే, ముప్పై ఏళ్ల తర్వాత అటక మీంచి ఆ చెక్కలు దింపాడు."

లెంపి పొయ్యిలో ఇంకో కట్టె వేసింది.

"మా బడి ఊబికి అవతల ఉండేది. గంట కొట్టకముందే పిల్లల కోసం దారి తొక్కడానికి ఊరు పెట్టుకున్న మనిషి ఎమెలి. మీ అమ్మా నేనూ ఒక్కనాడూ బూటు తడవకుండా చదువుకున్నాం."