సైకిల్ మీద సుందరి

"ముక్కుపుడక ఉంది."

"లేదు."

"చెప్తున్నాను కదా, ఉంది. కుడి పక్క, తెల్లరాయిది."

"అన్నయ్యా, నేను రోజూ ఆ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని బడికెళ్ళాను. తల వంచితే ఆ బొమ్మే. పుడక లేదు."

వనిత మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

అమీర్‌పేట సందులో ఆమెది రేడియం స్టిక్కర్ల షాపు. జావా, డాట్‌నెట్ అంటూ కోచింగ్ సెంటర్ల బోర్డులకు అక్షరాలు కత్తిరించి ఇవ్వడంతోనే పొద్దు గడిచిపోతుంది. పాత సైకిల్ స్టిక్కర్‌ని ఉన్నదున్నట్టు మళ్ళీ చేసిమ్మని ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు, ఈ అన్నదమ్ములు వచ్చేదాకా.

పెద్దాయన కృష్ణమోహన్, ఎర్రమంజిల్‌లో ఏదో ప్రభుత్వాఫీసు. రవికాంత్ ఆయనకన్నా చాలా చిన్నవాడు, మెళ్ళో సాఫ్ట్‌వేర్ కంపెనీ కార్డు. సైకిల్ వాళ్ళ నాన్నది, 'సుందరి' అని అప్పటి ఒక రకం. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. నాన్న పోయాక వెనక వరండాలో తుప్పు పడుతున్న ఆ సైకిల్‌ని అమ్మకు తెలియకుండా కొత్తదానిలా చేయించి, గుమ్మం ముందు నిలబెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. నాన్న దినాలయ్యాక మొహాలు చూసుకోవడం మానేసినవాళ్ళు, ఈ సైకిల్ పుణ్యమా అని మళ్ళీ ఒకే కారులో తిరుగుతున్నారు.

పంజాగుట్టలో పెయింటర్ నల్లరంగు వేసి స్టిక్కర్ కోసం ఆగాడు. అది అంటించాకే పైన వార్నిష్ కొట్టాలి.

పాత రంగు గీకకముందే వనిత స్టిక్కర్ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి అంతా దించుకుంది. ఆకుల దండ, దాని కింద వంకీల అక్షరాలతో పేరు, మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో గడి, గడిలో అమ్మాయి జడ, భుజాలు, అన్నీ దిగాయి. మొహం ఒక్కటే లేదు. అక్కడ ఉత్త ఇనుము తేలింది.

"ఎండకు పోయినట్టుంది సార్. మీకు గుర్తున్నట్టు చెప్పుండ్రి, నేను గీస్త," అంది.

మొదట్లో బాగానే సాగింది. విశాలమైన నుదురు, కలిసినట్టుండే కనుబొమలు, గడ్డం మీద చిన్న నొక్కు. వనిత గీస్తూ, చెరుపుతూ పోతుంటే ఇద్దరూ ఒకేసారి "అదీ, అదీ" అన్నారు. బుగ్గల దగ్గర తేడా వచ్చింది. పెద్దాయన నిండుగా ఉండాలన్నాడు, చిన్నాయన అంత నిండుగా కాదన్నాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి గొంతులు లేచాయి. వనిత విసిగి, ఒకే స్క్రీన్ మీద రెండు మొహాలు గీసి పక్కపక్కన పెట్టింది. పుడకతో ఒకటి, లేకుండా ఒకటి.

"నువ్వు పుట్టకముందు నుంచీ నేను దాన్ని తుడిచేవాణ్ణి రా," అన్నాడు కృష్ణమోహన్.

"అవును. నాన్న సంగతులన్నీ నీకే తెలుసు. ఆస్పత్రిలోనూ అంతే. ఏం చెయ్యాలని నన్నెవరైనా అడిగారా?"

రవికాంత్ లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

"సైకిల్ నువ్వే ఉంచుకో. నాకొద్దు."

"జర ఆగుండ్రి సార్," అంది వనిత. "ఇంట్ల అమ్మ ఉన్నది కద. ఆమెను అడగరాదు?"

"ఆవిడకి తెలియకూడదనే కదమ్మా ఇదంతా," అన్నాడు కృష్ణమోహన్.

"మీరిట్ల కొట్లాడుకొని పోయినంక, ఆమెకు సైకిల్ ఏం సంతోషం సార్?"

చివరికి రవికాంతే వెళ్ళి ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి అమ్మని కారులో తీసుకొచ్చాడు.

సీతామహాలక్ష్మి గారు కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగారు. కొడుకులిద్దరూ చెరొక పక్క నిలబడి, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ జరిగిందంతా చెప్పారు. ఆవిడ పూర్తిగా విన్నారు.

"ఆ బొమ్మకి మొహం మీరెప్పుడు చూశారు రా?" అన్నారు.

"అదేంటమ్మా, రోజూ చూసేవాళ్ళం కదా."

"నేను కొత్తగా కాపరానికొచ్చిన రోజులు. మీ నాన్న ఆ సైకిల్ కొనుక్కొచ్చి గుమ్మంలో నిలబెట్టి, 'సుందరిని తెచ్చాను, చూడు' అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన స్నానానికి వెళ్ళగానే అట్లకాడ తెచ్చి దాని మొహం గీకేశాను. ఆయన చూసి ఏమీ అనలేదు. మీరిద్దరూ అప్పటికి పుట్టలేదు."

కృష్ణమోహన్ తమ్ముడి వైపు చూశాడు. రవికాంత్ తాళాలు బల్ల మీద పెట్టేశాడు.

"మరి మాకు ఇంత బాగా గుర్తుందేంటమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ సంచిలోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకున్నారు. వనిత మానిటర్‌ని ఆవిడ వైపు తిప్పింది. ఆవిడ ముందుకు వంగి ఒక బొమ్మ చూశారు, తర్వాత పక్క బొమ్మ చూశారు.

"అది సరే గానీ, సైకిల్ మీద నా బొమ్మలెందుకు రా, ముక్కుపుడక ఉన్నప్పటిదొకటీ, చిన్నాడు పుట్టేముందు అది తీసేశాక ఒకటీ?"