సముద్రం లేని ఊరికి

"గరిటె తియ్ పాపా!"

అవ్వ అరుపుకు చిన్నక్క చేతిలోని గరిటె జారిపోయింది.

"కలిపితే చేప ముక్క చితికిపోద్ది. చట్టిని పట్టుకొని ఇట్టా తిప్పు."

అవ్వ పాత గుడ్డతో మట్టి చట్టి అంచులు పట్టుకొని, ఉయ్యాల ఊపినట్టు ఒకసారి తిప్పింది. పులుసు సుడి తిరిగింది. ముక్క చెదరలేదు.

ఈ పులుసు కోసమే చిన్నక్క, దాసప్ప పుంగనూరు నుంచి మూడు బస్సులు మారి సముద్రపు ఒడ్డుకు వచ్చారు. పుంగనూరు బస్టాండు పక్కన వాళ్లకో సంగటి మెస్సు ఉంది. ఎదురుగా కలర్ టీవీ పెట్టిన కొత్త హోటలు వచ్చాక మొగుడూ పెళ్లాలు ఈగలు తోలుకుంటున్నారు. సంగటిలోకి సముద్రపు చేపల పులుసు పెడితే జనం వస్తారని చిన్నక్క ఆశ. రాకపోతే మెస్సు మూసి, బెంగళూరుకు బిల్డింగు పనికి పోవాల్సిందే.

ఒడ్డెంబడి పాలెం పాలెం తిరిగారు. ఒకచోట ఎండుచేపల వేపుడు పెట్టారు, ఇంకోచోట రొయ్యపొట్టు కారం. పులుసు సంగతి ఎత్తితే మాత్రం అందరిదీ ఒకటే మాట.

"పులుసంటే గోవిందమ్మదే. మొగుణ్ణీ కొడుకునీ గాలివాన మింగినాక ఆమె పొయ్యి మీద చేప పెట్టలా. గంజి తాగి బతకతా ఉండాది. పోయి బాధపెట్టబాకండి."

చిన్నక్కకూ మనసొప్పలేదు. తిరుగు బస్సు కోసం చివరి పాలెంలో ఒక గుడిసె నీడన కూర్చుంటే, ఈ అవ్వ పలకరించింది.

"ఏ ఊరు పాపా?"

"పుంగనూరు అవ్వా. సముద్రం యాడో, మేము యాడో."

"సముద్రం లేని ఊరా?" అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "ఆడ పనికి పోయిన మగోళ్లు పొద్దుగూకేసరికి ఇంటికొస్తారా?"

"రాక యాడికి పోతారవ్వా?" దాసప్ప నవ్వాడు.

అవ్వ నవ్వలేదు. కాసేపు ఇద్దర్నీ చూసి లేచింది. పక్కింట్లో చేపలు అడిగి తెచ్చింది. అటక మీది చట్టి దించి, దుమ్ము కడిగి, పొయ్యి మీద పెట్టింది.

ఇప్పుడు పులుసు దిగింది.

"రేపు తినాల. ఈ పొద్దు కాదు," అంది అవ్వ.

ఆకలి మీదున్న దాసప్ప వింటాడా? "బస్సొచ్చే టైమయిండాది, పెట్టవ్వా," అని పట్టుబట్టి తిన్నాడు. మొహం చిట్లించాడు.

"పులుపు నసాళానికి ఎక్కింది. ఏమ్మే, ఇంత దూరం దీనికోసమా వచ్చింది?"

చిన్నక్కకు తల కొట్టేసినట్టయింది. అవ్వ మిగిలిన పులుసు వాళ్ల క్యారియర్లో పోసిచ్చింది.

బస్సు హారన్ వినిపించింది. పేరైనా అడక్కుండా పరుగెత్తారు.

మరుసటి రోజు చిన్నక్క వేడి సంగటి ముద్దలో గుంట చేసి ఆ పులుసు పోసింది. మొదటి ముద్దకు దాసప్ప ఆగిపోయాడు. రెండో ముద్ద నుంచి తల ఎత్తలేదు. చివరికి గిన్నె వేలితో తుడిచి నాకాడు.

"ఆయమ్మను నోటికొచ్చినట్ల అంటిని కదా మే," అన్నాడు.

ఆ వారమే పోదామనుకున్నారు. దాసప్ప తల్లి మంచాన పడింది. తర్వాత వానలకు రోడ్లు తెగాయి. మెస్సును ఎలాగో ఈడ్చుకొచ్చి, చలికాలానికి మళ్లీ పాలెం చేరారు.

గుడిసెకు తాళం. పక్కింటి కౌసల్య బయటికొచ్చింది.

"అవ్వ పోయి నెలయింది. మీరు పుంగనూరోళ్లు కదా?"

"నీకెట్ల తెలుసమ్మా?"

"రెండోరోజు తిన్నాక వాళ్లే వస్తార్లే అనేది. మీరు పోయినకాడ్నించి రోజూ చట్టి పెట్టింది. పాలెమంతా తిన్నాం. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది, మీకు నేర్పమని. చట్టి కూడా మీకే ఇమ్మంది."

చిన్నక్క కళ్లనిండా నీళ్లతో చట్టి అందుకుంది. ఆ పూటే కౌసల్య దాన్ని పొయ్యి మీద పెట్టించింది. పులుసు ఉడికేటప్పుడు చిన్నక్క గరిటె కోసం వెతకలేదు. కొంగుతో అంచులు పట్టుకొని తిప్పింది. ముక్క చెదరలేదు.

"మెస్సుకు అవ్వ పేరే పెట్టుకుంటాం తల్లీ," అన్నాడు దాసప్ప. "పేరేమి?"

కౌసల్య వింతగా చూసింది.

"తెలీకుండానే తిన్నారా? గోవిందమ్మ."